కొర్రలు కావు, కొరియా

శనివారం పొద్దున సుమిత్రమ్మ వాకిట్లో మీటింగ్. మరునాడు ఆదివారం రోడ్డు మీద వంటావార్పు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా బస్సులు ఆపి, నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినాలి. తెలంగాణ ఇచ్చేదాకా మాకు ఇదే ఇల్లు, ఇదే వంటిల్లు అని ఢిల్లీకి చెప్పడం. రెండువేల పదకొండు జూన్. ఎండ పోలేదు, వాన రాలేదు.

గల్లీలో ఇంటికొక వంట. ఎవరేం వండాలో సుమిత్రమ్మ చెబుతుంటే ఆమె భర్త సీతారాములు కాగితం మీద రాస్తున్నాడు. ఆయన ఆర్టీసీ కండక్టర్, గల్లీ జేఏసీకి కన్వీనర్. చెవి కొంచెం మందం. ఇరవై ఏళ్లు బస్సు మోతలో టికెట్లు కొడితే ఎవరి చెవైనా అంతే.

పప్పు ఒకరికి, పచ్చిపులుసు ఒకరికి, గుడాలు ఒకరికి, సర్వపిండి ఒకరికి పోయాయి. బగారన్నం సుమిత్రమ్మే తీసుకుంది. అన్నమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మెత్తబడింది.

"అన్నమ్మా, నువ్వు ఇస్తారాకులు, గ్లాసులు తే. నీకెందుకు పొయ్యికాడ తిప్పలు."

"నేను గూడ వండుతక్కా."

వాకిలి చప్పబడింది. ఎందుకు చప్పబడిందో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. అన్నమ్మది, సుమిత్రమ్మది నకిరేకల్ దిక్కున ఒకే ఊరు. సుమిత్రమ్మ వాళ్లది ఊరి నడుమ ఇల్లు. అన్నమ్మ వాళ్లది ఊరవతల వాడ, చర్చి పక్కన. పట్నం వచ్చాక పన్నెండేళ్లుగా ఇద్దరూ ఒకే గల్లీలో, మూడిళ్ల దూరంలో ఉన్నారు. రాస్తారోకోలో ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని కూర్చున్నారు. ఒకసారి లాఠీ దెబ్బకు సుమిత్రమ్మ కింద పడితే లేపి, ఆటోలో వేసుకుని, దవాఖానకు తీసుకుపోయింది అన్నమ్మే. అయినా ఈ పన్నెండేళ్లలో సుమిత్రమ్మ ఆమె ఇంట్లో ఒక్క చాయ్ తాగలేదు. క్రిస్మస్‌కు అన్నమ్మ కాల్చిన కేకును నవ్వుతూనే తీసుకుంటుంది. సాయంత్రానికి అది చెత్త ఎత్తే మనిషి చేతిలో ఉంటుంది. అదే బేకరీ నుంచి డబ్బా సీలు తీయకుండా తెచ్చిస్తే ఇంటిల్లిపాదీ తింటారు. దీన్ని ఎవరూ అంటరానితనం అనరు. అలవాటు లేదు అంటారు.

"ఏం వండుతవే?" అంది సుమిత్రమ్మ.

"పప్పు."

"పప్పు అయిపాయె."

"రొట్టెలు చేస్త."

"స్వప్న చేస్తున్నది."

"తలకాయ కూర."

"ఉద్యమంల నీసు ఒద్దనుకున్నం గదనే."

ఏ వంట పేరెత్తినా దాని ముందు ఒక మనిషి నిలబడి ఉంది. అన్నమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చింది అనేసింది. "కొరియా సేమ్యా చేస్త. అదెవ్వరు చేస్తలేరు గద!"

సీతారాములు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏం సేమ్యా? కొర్రలా?" ఆయన ముఖం వెలిగిపోయింది. "వారెవ్వా! కొర్రలు తినక ముప్పై ఏండ్లాయె. మా అవ్వ వండేది. అసలు సిసలు తెలంగాణ తిండంటే గిది! రాస్తున్న సుమిత్రా, నువ్వు అడ్డం రాకు."

తప్పు ఎక్కడ జరిగిందో అన్నమ్మకు అప్పుడే తెలిసింది. దిద్దవచ్చు. దిద్దలేదు. కాగితం మీద ఆమె పేరు పడింది, పేరు పక్కన వంట పడింది. దాన్ని కొట్టేయించడానికి ఆమెకు నోరు రాలేదు.

ఇంటికొచ్చి చెబితే కూతురు సాధన నెత్తి పట్టుకుంది. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. తల్లి కంటే కోపం ఎక్కువ, ఓపిక తక్కువ.

"కొరియాను కొర్రలన్నడా? నువ్వు ఊకున్నవా? రేపు రోడ్డు మీద అందరి ముంగట ఇజ్జత్ తీస్తరు."

"తీయని."

"వాళ్లు తినరమ్మా. నీకు తెల్వదా?"

"తెల్వదు." అన్నమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంది. "తింటరా తినరా నేనెన్నడు అడగలే, వాళ్లెన్నడు చెప్పలే. రేపు పెడ్త. వేరే గల్లీలోళ్లు తింటే నాకు లెక్క లేదు. సుమిత్రక్క తినాలె. తినకపోతే తినలేదని తెలుస్తది. తెల్వకుంట పన్నెండేండ్లు బతికిన, ఇంక చాలు."

సాధన సంచి అందుకుంది. "ఏమేం కావాలె?" అంది.

అన్నమ్మకు కొరియా వంట ఎట్ల తెలుసంటే, ఆమె ఆరేళ్లు సైదాబాద్‌లో ఒక కొరియా మేడం ఇంట్లో వంట చేసింది. ఆ దంపతులు చర్చి పిల్లలకు సంగీతం నేర్పేందుకు వచ్చి, పైపోర్షన్ కిరాయికి తీసుకుని ఉండేవాళ్లు. వాళ్ల దేశంలో మంచు పడే చలికాలంలో కూడా చల్లటి సేమ్యా తింటారట. ఇక మన ఎండలకు ఆగుతారా? ఏప్రిల్ వచ్చిందంటే మేడం పెద్ద బేసిన్‌లో సేమ్యా వేసి, మిరపతో చేసిన ఎర్ర ముద్ద వేసి, రెండు చేతులతో కలిపి, వంటింట్లో కింద కూర్చునేది. అన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకునేది. వేరే ప్లేటు ఉండేది కాదు. ఒకే బేసిన్, ఇద్దరు మనుషులు. మొదటిసారి అన్నమ్మ చెయ్యి పెట్టలేక కూర్చుంటే, ఆమెకు చాప్‌స్టిక్ పుల్లలతో తినడం రాదనుకుని మేడం ఫోర్క్ తెచ్చిచ్చింది. చెయ్యి ఆగింది అందుకు కాదని ఆ తల్లికి చెప్పడానికి అన్నమ్మ దగ్గర ఇంగ్లీషు లేదు.

మేడం వెళ్లి మూడేళ్లయింది. ఎర్ర ముద్ద మాత్రం అన్నమ్మ ప్రతి ఎండాకాలం పచ్చళ్లతో పాటే పెట్టుకుంటుంది. వరంగల్ చపాటా మిరప పొడి. అది రంగెక్కువ, మంట తక్కువ. దాంట్లో పులిసిన బియ్యం గంజి, సోయా పిండి, బెల్లం, ఉప్పు. జాడీలో నలభై రోజులు ఎండకు పెడితే ముద్ద నల్లటి ఎరుపుకు తిరిగి, తేనెలా సాగుతుంది. జాడీ ఉంది. లేనిది సేమ్యా. మేడం తెప్పించుకునే నల్ల పిండి సేమ్యా దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ దుకాణంలోనూ దొరకదు.

"మేడం చెప్పింది, వాళ్ల దగ్గర పిండిని మిషన్ల పెట్టి నేరుగ ఉడుకు నీళ్లలకు ఒత్తుతరంట," అంది అన్నమ్మ. "మనకు మురుకుల గొట్టం లేదా?"

గొట్టం ఉంది, సన్నచిల్లుల బిళ్ల లేదు. పక్కింటి సూర్యప్రభ గొట్టానికి ఆ బిళ్ల ఉంటుంది. ఆమెది తణుకు. భర్త మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఉద్యమం మొదలైన దగ్గర్నుంచి ఆమె గేటు సగమే తెరుస్తోంది. ఆ రోజూ సగమే తెరిచింది.

"జంతికల గొట్టమా? ఉందండి అన్నమ్మగారూ. ఏం చేస్తున్నారేంటి?"

"రేపటి వంటావార్పుకు."

సూర్యప్రభ గొట్టం తెచ్చిచ్చింది గాని వెంటనే వదల్లేదు. "నిజం చెప్పండి. రాష్ట్రం వస్తే మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా?"

"ఎవడన్న అంటే నాకు చెప్పు. వాడి తాట తీస్త. ముందు గొట్టం ఇడువు."

సూర్యప్రభ నవ్వింది. గొట్టం వెంట తనూ వచ్చింది.

మొదటి వాయి పాడైంది. చన్నీళ్లతో కలిపిన జొన్నపిండి గొట్టంలోంచి బాగానే దిగింది గాని, నీళ్లలో పడగానే విడిపోయి జావ అయింది. సాధన గరిటెతో తిప్పి చూసింది. "సేమ్యా కాదమ్మా, అంబలి. దీనికే కొర్రల అంబలని పేరు పెట్టు, సీతారాములు మామ ఖుష్ అయితడు."

అన్నమ్మ నవ్వలేదు. పొయ్యి ముందు కూర్చుని ఆలోచించింది. జొన్న రొట్టె చేసేటప్పుడు పిండిని ఎందుకు ఉడుకు నీళ్లతో కలుపుతాం? జిగి కోసం. చిన్నప్పట్నుంచి చేతికి తెలిసిన పని, కొరియా పేరు వినగానే చెయ్యి మరిచిపోయింది. ఈసారి జొన్నపిండిలో సగానికి సగం మైదా కలిపి, మసిలే నీళ్లు పోసి, చేతులు కాలుతున్నా వేడివేడిగానే పిసికింది. తడిగుడ్డ కప్పి కాసేపు ఉంచింది. గొట్టంలో పెట్టి మసిలే నీళ్ల మీద ఒత్తితే పిండి దారాల్లా దిగింది. తెగలేదు. పైకి తేలగానే నీళ్లు వార్చి, ఐస్ నీళ్లలో వేసి, బట్టలు జాడించినట్టు చేతులతో జాడించింది.

"అలా రుద్దుతున్నారేంటి, విరిగిపోవూ?" అంది సూర్యప్రభ.

"రుద్దకుంటే జిగురు పోదు. జిగురు పోకుంటే ముద్ద అయితది. ఇదే దీని కిటుకు."

ఎర్ర ముద్దలో వెల్లుల్లి, నువ్వుల నూనె, పులుపుకు కొంచెం సిర్కా, బెల్లం. మేడం బేరిపండు తురిమేది. అన్నమ్మ కొత్తపేట మండీలో తెచ్చిన తోతాపురి మామిడి తురిమింది. కీరదోస సన్నగా తరిగి, వేయించిన నువ్వులు చల్లి, రెండు చేతులతో కలిపింది. సూర్యప్రభ గుప్పెడు తీసుకుని నిలబడే తింది.

"బాగుందండి! చల్లగా గొంతులోకి జారిపోతోంది. కారమే, ఇంకాస్త ఉండాలి. మా గుంటూరు కారం ఇమ్మంటారా?"

"మీ గుంటూరు కారం తింటే నినాదాలిచ్చేటందుకు ఎవ్వరికి గొంతుండదు. ఒద్దు తల్లీ."

ముగ్గురూ నవ్వారు. వెళ్తూ వెళ్తూ సూర్యప్రభ గేటు దగ్గర ఆగింది. "రేపు నేను రానులెండి. భయం. కానీ మా ఫ్రిజ్‌లో ఐస్ మొత్తం పట్టుకెళ్లండి."

ఆదివారం అన్నమ్మ పొద్దున్నే మొదటి ఆరాధనకు పోయి వచ్చింది. పదింటికల్లా రెండు థర్మాకోల్ డబ్బాల్లో ఐసు, తడిగుడ్డలో పిండి, జాడీ, గొట్టం ఆటోలో పెట్టుకుని తల్లీ కూతుళ్లు ఎల్‌బీ నగర్ చేరారు. విజయవాడ రోడ్డు పొడవునా పొయ్యిలే. పొగ, డప్పులు, మైకులు. ఆగిపోయిన బస్సుల్లోంచి ప్రయాణికులు దిగి పొయ్యిల మధ్య తిరుగుతున్నారు. ఒకాయన తిట్టుకుంటూనే పచ్చిపులుసు తాగుతున్నాడు.

తమ గల్లీ జెండా దగ్గర అన్నమ్మ మూడు ఇటుకలు పేర్చి పొయ్యి ముట్టించింది. నీళ్లు మసిలేసరికి సీతారాములు మైకు అందుకున్నాడు. "ఇప్పుడు మన గల్లీ స్పెషల్! మన తాతముత్తాతల తిండి! అన్నమ్మక్క కొర్రల సేమ్యా!"

జనం మూగారు. సుమిత్రమ్మ బగారన్నం గంజు మీద మూత పెట్టి వచ్చింది. గొట్టం వైపు, జాడీ వైపు, ఐసు వైపు చూసింది. "కొర్రలేవే?"

అన్నమ్మ లేచి నిలబడింది. అబద్ధం ఆడటానికి ఇంకా వీలుంది. జొన్నపిండిని చూపించి కొర్రలంటే పట్నంలో పుట్టిన సగం మందికి తేడా తెలీదు. కానీ కొర్రల పేరుతో తిన్న తిండి తన తిండి కాదు.

"కొర్రలు కావక్కా. కొరియా. నేను కొరియా అంటే అన్న కొర్రలనుకున్నడు. దిద్దకపోవుడు నాదే తప్పు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులు లేచాయి. ఎక్కువ నవ్వింది సీతారాములే. మైకు ఆపకుండానే నవ్వాడు, చౌరస్తా అంతా వినబడింది. సుమిత్రమ్మ నవ్వలేదు.

"తెలంగాణ కోసం వంటావార్పు పెడితే నడిమిట్ల కొరియా ఏందే? రేపు పేపర్ల ఏం రాస్తరు? తీసెయ్. గింత ఆగమైనంక గూడ వండుతవా? ఇస్తారాకులు పంచు పో."

"జొన్నలు మనయే, అక్కా. మిరప వరంగల్ది. మామిడి కొత్తపేటది. కొరియాది కిటుకొక్కటే."

"కిటుకు గాదు, పద్ధతుండాలె. ఇది వంటావార్పు."

అన్నమ్మ చుట్టూ చూసింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "సరే. వంట అందరు చేసిన్రు. వార్పు ఎవ్వరు చేసిన్రు?"

"ఏందీ?"

"వార్పు, వార్పు. గంజి వార్చుడు. నీది బగారన్నం, నీళ్లు ఇగిరిపోతయ్. స్వప్న రొట్టెలు కాల్చింది. గుడాల నీళ్లు పొయ్యి మీదనే ఇంకిపాయె. గీ గల్లీల వార్చినోళ్లు ఎవ్వరన్న ఉంటే చూపియ్యి. ఇంట్ల గూడ కుక్కర్లొచ్చినంక గంజి మొఖం చూసినోళ్లు లేరు. గా వార్పు నేను చేస్తున్న. చూడు."

ఆమె కూర్చుని గొట్టం తిప్పింది. దారాలు మసిలే నీళ్లలోకి దిగాయి, మునిగాయి, తేలాయి. రెండు గుడ్డలతో గిన్నె అంచులు పట్టుకుని, మూత వారగా పెట్టి, తారు రోడ్డు పక్కన మట్టిలోకి వార్చింది. తెల్లటి గంజి పొగలు కక్కుతూ పారింది. ముసలావిడ ఒకామె "అబ్బ, గంజి వాసన" అని ముక్కు ఎగబీల్చింది.

సీతారాములు తొడ చరుచుకున్నాడు. "నిజమేనే సుమిత్రా! వంటావార్పు అని నూటొక్కసారి మైకుల అరిచిన. వార్పు మర్చినం!"

సుమిత్రమ్మ పొయ్యికి అడ్డం తప్పుకుంది. వండనిచ్చారు. కానీ వండనివ్వడం వేరు, తినడం వేరు. అన్నమ్మ జాడించి, ముద్ద వేసి కలిపి, బేసిన్ ముందు పెట్టుకుంది. పక్క గల్లీ కాలేజీ పిల్లలు వచ్చారు, తిన్నారు, మళ్లీ వచ్చారు. పచ్చిపులుసు ప్రయాణికుడూ వచ్చాడు. సీతారాములు తిన్నాడు, కొర్రలు కాకపోయినా బాగుందన్నాడు. ఆయన బయట తిరిగే మనిషి, ఎక్కడైనా తింటాడు. గల్లీ ఆడవాళ్లు మాత్రం రాలేదు. ఒకామెకు కడుపు నిండింది. ఒకామెకు చల్లటిది పడదు. స్వప్నకు ఆదివారం కారం ఒద్దట. సుమిత్రమ్మ కూతురు జ్యోతిక ఇస్తారాకు చేతిలో పట్టుకుని ఒక అడుగు వేసి, తల్లి ముఖం చూసి, జలుబని వెనక్కి పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, రోడ్డు మీద తారు కరుగుతుంటే, జలుబు!

"చెప్పిన్నా?" అంది సాధన పళ్ల మధ్య నుంచి. "పోదాం పా అమ్మా."

"నీళ్లు మసులుతున్నయ్. వాయి ఎయ్యాలె."

రెండో పెద్ద వాయి ఒక్కసారే దించాల్సి వచ్చింది. డబ్బాలో ఐసు కరిగిపోతోంది. వార్చి బేసిన్‌లో పడేసరికి, జాడించడానికి రెండు చేతులు చాలలేదు. సాధన ఆటోలో ఉంచిన రెండో ఐసు డబ్బా కోసం పరుగెత్తింది. సేమ్యా కళ్లముందే ఒకదానికొకటి అంటుకుంటోంది. అంత పిండి, అంత చాకిరీ ముద్దవుతోంది. అన్నమ్మ తలెత్తకుండానే అరిచింది. "చూసుకుంట నిలబడ్డవేందక్కా! చెయ్యి పెట్టు! అంటుకపోతున్నయ్!"

ఎవరిని పిలిచి అరిచిందో ఆమెకే తెలియదు. పక్కన నిలబడింది సుమిత్రమ్మ. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఎవరి పాలని అడిగే మనిషి కాదామె. గాజులు పైకి లాక్కుని, గొంతుక్కూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా బేసిన్‌లో పెట్టింది.

"రుద్దాల్నా?"

"రుద్దు, గట్టిగ. బట్టలు పిండినట్టు."

"విరగవా?"

"విరగయ్."

నాలుగు చేతులు జాడించాయి. నీళ్లు పారబోశారు. అన్నమ్మ ఎర్ర ముద్ద వేస్తే సుమిత్రమ్మే కలిపింది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, పులిహోర కలిపినట్టు. అంతా ఎర్రబడ్డాక చెయ్యి విదిలించి, ముప్పై ఏళ్లుగా ప్రతి గిన్నె ముందూ చేసే పని చేసింది. వేలు నోట్లో పెట్టుకుని ఉప్పు చూసింది.

"ఉప్పు తక్కువైందే," అంది.

ఏం చేసిందో ఆ మాట అన్నాక తెలిసింది సుమిత్రమ్మకు. వేలు ఇంకా పెదవి దగ్గరే ఉంది. గల్లీ ఆడవాళ్లు చూస్తున్నారు. జ్యోతిక చూస్తోంది. అన్నమ్మ తలెత్తి చూసింది. సంతోషం కాదు ముందు వచ్చింది, కోపం. ఉప్పు చూడటమంత పని. దీనికా పన్నెండేళ్లు పట్టింది?

ఆ కోపాన్ని మింగలేదు, ముఖం మీదే ఉంచుకుంది. ఉప్పు డబ్బా మాత్రం ముందుకు జరిపింది. "నువ్వే ఎయ్యక్కా. ఎంత పడ్తదో నీకే తెల్సు."

సుమిత్రమ్మ డబ్బా వైపు చూసింది. లేచి కొళాయి దగ్గరికి పోయి నోరు పుక్కిలించవచ్చు. అట్ల చేసిన మనుషులు ఊళ్లో ఉన్నారు, ఇద్దరికీ తెలుసు. ఆమె లేవలేదు. చిటికెడు ఉప్పు తీసి వేసింది. మళ్లీ కలిపింది. ఈసారి వేలితో కాదు, గుప్పెడు తీసి నోట్లో పెట్టుకుని నమిలింది. నుదుటి మీద చెమట పట్టింది, ముక్కు కారింది.

"ఏం కారమే ఇది! ముందుగాల తియ్యగుంటది, ఎన్కకెళ్లి తంతది."

"పోలీసోళ్ల లెక్క," అన్నాడు సీతారాములు.

"నువ్వు ఊకో." సుమిత్రమ్మ ఎర్రటి చేతిని కొంగుకు తుడుచుకోకుండానే వెనక్కి తిరిగింది. "జ్యోతికా! ఇటు రా. ఏం జలుబే నీకు, నిన్న ఐస్‌క్రీం తినలేదా? కూసో. తిను."

జ్యోతిక వచ్చి కూర్చుంది. ఆ వెనక స్వప్న వచ్చింది. ఆదివారం కారం గురించి ఎవరూ అడగలేదు. కడుపు నిండిన ఆమె మాత్రం రాలేదు. దూరంగా జెండా కర్ర పట్టుకుని ఎటో చూస్తూ నిలబడింది. అన్నమ్మ ఆమెనూ చూసింది. ఆ కడుపు ఎప్పుడు ఖాళీ అవుతుందో అదీ చూడాలి.

సాధన ఐసు మోసుకుని ఆయాసపడుతూ వచ్చింది. బేసిన్ చుట్టూ కూర్చున్న వాళ్లను చూసి నోరు తెరిచింది.

"నోరు మూసి డబ్బా దించు," అంది అన్నమ్మ, పిండి ముద్దను గొట్టంలోకి కుక్కుతూ. "ఇంక మూడు వాయిలున్నయ్."